చూపును ప్లాన్‌లోకి ఎక్కించడం: ఇంగ్లండ్ మిడ్‌లాండ్స్‌లో ఒక పల్లె కేస్ స్టడీ

ఇంగ్లండ్‌లో కిటికీలోంచి కనిపించే దృశ్యం మీద ఇంటివాళ్లకు హక్కు ఉండదు. 1610 నాటి ఆల్డ్రెడ్ కేసు నుంచీ ఇదే మాట. నార్ఫోక్‌లో ఒకాయన, పక్కింటివాడు పందుల దొడ్డి కట్టాడని కోర్టుకెక్కితే దుర్వాసన విషయంలో ఆయనకు న్యాయం దొరికింది. కంటికింపైన దృశ్యం పోయిందంటే మాత్రం దావా చెల్లదని అదే కేసులో చెప్పేశారు. నాలుగు వందల ఏళ్లు దాటినా ఆ సూత్రం అలాగే ఉంది. కొత్త ఇళ్లకు అప్లికేషన్ పడగానే "మా బెడ్‌రూమ్‌లోంచి పొలాలు కనపడకుండా పోతాయి" అని ఊరివాళ్లు రాసే ఉత్తరాలకు ప్లానింగ్ ఆఫీసులో విలువ లేకపోవడానికి కారణం ఇదే.

అదే పొలాలు ఊరందరూ నడిచే కాలిబాట మీద నుంచో, చర్చి ఆవరణలోంచో కనిపిస్తే కథ వేరు. అది పబ్లిక్ చూపు. దాన్ని ప్లానింగ్‌లో లెక్కలోకి తీసుకోవాలి, తీసుకుంటారు కూడా. ఎంత బరువు ఇస్తారన్నది మాత్రం ఊరు ముందుగా చేసి పెట్టుకున్న పని మీద ఆధారపడుతుంది. నేను ల్యాండ్‌స్కేప్ ప్లానర్‌గా పనిచేసిన ఒక ఊళ్లో ఆ పని ఎలా జరిగిందో, ఏది నిలిచిందో, ఏది నిలవలేదో ఇక్కడ రాస్తున్నాను. ఊరి పేరు, అక్కడి మనుషుల పేర్లు, డెవలపర్ పేరు రాయడం లేదు.

ఊరు, దాని కష్టం

లీస్టర్‌షైర్, నార్తాంప్టన్‌షైర్ కలిసే ప్రాంతం అది. తక్కువ ఎత్తున్న మిట్ట మీద తేనెరంగు ఐరన్‌స్టోన్ ఇళ్లు, నడిమధ్యన చర్చి, దాని కోసు శిఖరం. ఊరికి తూర్పున పచ్చిక బీళ్లు వాలుగా వాగు దాకా దిగి, అవతలి ఒడ్డున మళ్లీ పైకి లేస్తాయి. చూడటానికి ఎంత బాగున్నా, కాగితం మీద మాత్రం అది మామూలు పల్లెపట్టు. నేషనల్ పార్క్ కాదు, పట్టణాలు పాకకుండా కట్టడాలను ఆపే గ్రీన్ బెల్ట్ కాదు, 2023 దాకా ఏఓఎన్‌బీ అని పిలిచి ఇప్పుడు నేషనల్ ల్యాండ్‌స్కేప్ అంటున్న, ప్రభుత్వం గుర్తించిన సుందర ప్రాంతాల జాబితాలోనూ లేదు.

పైగా ఆ డిస్ట్రిక్ట్ కౌన్సిల్ దగ్గర ఐదేళ్లకు సరిపడా ఇళ్ల స్థలాలు చూపించే లెక్క లేదు. ఈ లెక్క తప్పితే జాతీయ ప్లానింగ్ విధానం, అంటే ఎన్‌పీపీఎఫ్, అనుమతి వైపు మొగ్గుతుంది. నష్టాలు లాభాలను గణనీయంగా, రుజువయ్యేలా మించితే తప్ప ఇళ్లకు ఒప్పుకోవాలి. దీన్నే ఇక్కడి ప్లానర్లు టిల్టెడ్ బ్యాలెన్స్ అంటారు. ఇలాంటి డిస్ట్రిక్ట్‌లలో డెవలపర్లు ఊరి అంచున ఉన్న వాలు పొలాల మీద రైతులతో ఆప్షన్ ఒప్పందాలు, అంటే తర్వాత కొనుక్కునే హక్కు తమకే ఉండేలా, రాయించుకుని కాచుకుని ఉంటారు. ఈ ఊరి తూర్పు పొలం మీద అలాంటి ఒప్పందం ఉందని, దాదాపు 70 ఇళ్లకు డ్రాయింగులు తయారవుతున్నాయని తెలిశాక పారిష్ కౌన్సిల్ నన్ను పిలిచింది.

పారిష్ కౌన్సిల్ అంటే మన పంచాయతీలాంటి చిన్న సంస్థ. పర్మిషన్ ఇచ్చే అధికారం దానికి లేదు. కానీ 2011 లోకలిజం చట్టం దాని చేతికి ఒక పనిముట్టు ఇచ్చింది, అదే నైబర్‌హుడ్ ప్లాన్. ఊరే రాసుకుంటుంది, స్వతంత్ర ఎగ్జామినర్ పరిశీలిస్తాడు, ఊళ్లో రెఫరెండం పెడతారు. ఓట్లేసినవాళ్లలో సగం కంటే ఎక్కువమంది అవునంటే అది డెవలప్‌మెంట్ ప్లాన్‌లో భాగమైపోతుంది. 2004 నాటి చట్టం 38(6) సెక్షన్ ప్రకారం ప్లానింగ్ నిర్ణయాలు ఆ ప్లాన్‌కు అనుగుణంగానే ఉండాలి, బలమైన వేరే కారణాలుంటే తప్ప.

"బాగుంది" అంటే సరిపోదు

మొదటి మీటింగ్‌లోనే ఊరివాళ్లకు స్ట్రౌడ్ కేసు చెప్పాను. గ్లోస్టర్‌షైర్‌లో లెనర్డ్ స్టాన్లీ అనే ఊరి పక్కన 150 ఇళ్లకు అప్పీల్‌లో అనుమతి వచ్చింది. స్ట్రౌడ్ కౌన్సిల్ హైకోర్టుకు వెళ్లి 2015లో ఓడిపోయింది. విలువైన ల్యాండ్‌స్కేప్ అనిపించుకోవడానికి ప్రభుత్వ ముద్ర ఉండి తీరాలని లేదని జస్టిస్ ఊస్లీ ఒప్పుకున్నారు. అయితే జనానికి ఇష్టం కావడం ఒక్కటే చాలదు. మామూలు పల్లెపట్టును మించినదని చూపించే భౌతిక లక్షణాలు అక్కడ ఉండాలి. ఆ తీర్పు తర్వాత ప్రతి అప్పీల్‌లోనూ, వాటిని విని నిర్ణయించే ప్లానింగ్ ఇన్‌స్పెక్టర్ల ముందుకు వచ్చే ప్రశ్న అదే: ఇక్కడ ఏముంది, చూపించండి.

2018లో ఎన్‌పీపీఎఫ్‌ను తిరగరాసినప్పుడు ఇంకో చిన్న మాట చేరింది. విలువైన ల్యాండ్‌స్కేప్‌లను వాటి చట్టబద్ధ హోదాకు గానీ, డెవలప్‌మెంట్ ప్లాన్‌లో గుర్తించిన నాణ్యతకు గానీ తగినట్టు కాపాడాలని. 2024 డిసెంబర్ ప్రతిలో ఇది 187వ పేరా. హోదా లేని ఊళ్లకు ఉన్న దారి ఆ రెండో సగంలోనే ఉంది. నైబర్‌హుడ్ ప్లాన్ డెవలప్‌మెంట్ ప్లాన్‌లో భాగం కాబట్టి, నాణ్యతను అందులో గుర్తించి రాసుకుంటే పై విధానం దాన్ని పట్టించుకోక తప్పదు. నేను ఈ ఊరికి చేసినదంతా ఈ ఒక్క వాక్యం మీద నిలబడింది.

ఏరివేత

ఊరివాళ్లను అడిగితే ముప్పైకి పైగా దృశ్యాలు వచ్చాయి. గోడ మీద పెద్ద మ్యాప్ అంటించి బాణం గుర్తులు పెట్టమంటే ఊరి చుట్టూ ఖాళీ లేకుండా గీశారు. అలాంటి మ్యాప్‌ను ఎగ్జామినర్ ముందు పెడితే, ఊరంతా ఇళ్లు వద్దంటోందని చూడగానే తేలిపోతుంది. జాతీయ విధానానికి అనుగుణంగా ఉండటం, సుస్థిరాభివృద్ధికి తోడ్పడటం నైబర్‌హుడ్ ప్లాన్‌కు చట్టం పెట్టిన షరతులు. ఎక్కడా ఏమీ కట్టనివ్వని ప్లాన్ ఆ షరతుల దగ్గరే ఆగిపోతుంది.

అందుకని ప్రతి దృశ్యాన్నీ కొన్ని ప్రశ్నలతో వడకట్టాం. నిలబడే చోటు అందరికీ అందుబాటులో ఉందా? ఆ కాలిబాట డెఫినిటివ్ మ్యాప్‌లో ఉందా? 1949 చట్టం కింద తయారైన ఈ మ్యాప్‌లో దారి ఉంటే దాని మీద నడిచే హక్కుకు అది తిరుగులేని రుజువు. కనిపించేదాంట్లో ఇదే ఊరికి చెందినది, ఇంకో చోట దొరకనిది ఏమిటి? మనం కాకుండా ఇంకెవరైనా దాన్ని గుర్తించారా, అంటే డిస్ట్రిక్ట్ కౌన్సిల్ వాళ్లు నేల తీరును వర్ణించే ల్యాండ్‌స్కేప్ క్యారెక్టర్ అసెస్‌మెంట్‌లో గానీ, పాత కట్టడాలున్న రక్షిత ప్రాంతం గురించిన కన్సర్వేషన్ ఏరియా పత్రంలో గానీ ఉందా? మా వృత్తి సంస్థ ల్యాండ్‌స్కేప్ ఇన్‌స్టిట్యూట్ 2021లో ఇచ్చిన 02/21 టెక్నికల్ గైడెన్స్ నోట్ ఇందుకే పనికొస్తుంది. హోదా లేని ల్యాండ్‌స్కేప్ విలువను ప్రకృతి వారసత్వం, చరిత్ర, ప్రత్యేకత, విహారం, ప్రశాంతత లాంటి అంశాలుగా విడదీసి ఎలా తూచాలో అందులో ఉంది. చివరికి మిగిలినవి ఎనిమిది. పోయినవాటిలో కొన్ని నిజంగా చాలా అందమైనవి. వాటిని వదులుకోమని చెప్పడం నాకూ తేలిక కాలేదు.

మిగిలినవాటిలో మూడోది మొత్తం కేసుకు గుండెకాయ. ఊరి తూర్పు అంచున, కంచె దాటడానికి వేసిన చెక్క మెట్ల దగ్గర నిలబడితే కింద వాగు, అవతలి వాలు కనిపిస్తాయి. ఆ వాలు మీద గడ్డి కింద అలలు అలలుగా గట్లు. వాటిని ఇక్కడ రిడ్జ్ అండ్ ఫర్రో అంటారు. మధ్యయుగంలో పొలాలను పొడుగాటి పట్టీలుగా పంచుకుని ఎద్దులతో దున్నేవారు. నాగలి మట్టిని ఎప్పుడూ ఒక పక్కకే తిరగేస్తుంది. ఏటా పట్టీ చుట్టూ తిరుగుతూ మధ్యకే మట్టి ఎగదోస్తూ పోతే నడుమ గట్టు లేచి, పక్కన కాలువ పడుతుంది. ఆ బరువు నాగలికి ఎనిమిది ఎద్దుల దాకా పూన్చేవారు. జోడెడ్ల అరకనైతే నాగటి చాలు చివర ఉన్నచోటే తిప్పుకోవచ్చు. ఎనిమిదింటిని అలా తిప్పలేరు, చివరికి చేరకముందే పక్కకు మళ్లించుకుంటూ రావాలి. అందుకే ఆ గట్లు తిన్నగా ఉండవు, తిరగేసిన ఇంగ్లీష్ ఎస్ అక్షరంలా మెలిక తిరిగి ఉంటాయి. తర్వాత గొర్రెల మేతకు వదిలేయబట్టి ఆ ఆకారం గడ్డి కింద భద్రంగా ఉండిపోయింది. రెండో ప్రపంచ యుద్ధం నుంచి ట్రాక్టర్లతో దున్నడం వల్ల మిడ్‌లాండ్స్‌లో ఇలాంటివి చాలావరకు చదునైపోయాయి.

మిట్టమధ్యాహ్నం వెళ్తే ఇదేమీ కనపడదు, పచ్చని గడ్డి తప్ప. చలికాలంలో సూర్యుడు కిందుగా ఉన్నప్పుడు, పల్చగా మంచు పడినప్పుడు ఒక్కో గట్టు నీడతో సహా లేచి కనిపిస్తుంది. ఆ పొలంలో జీవితమంతా గొర్రెలు మేపిన పెద్దాయన ఒకరు వేలితో గాలిలో ఆ మెలిక గీసి చూపించారు. మా రిపోర్టులో దాన్నే మ్యాప్‌గా గీశాం. స్ట్రౌడ్ తీర్పు అడిగే భౌతిక లక్షణం అంటే ఇదే: చూపించవచ్చు, కొలవవచ్చు, పోతే మళ్లీ రాదు.

ఫోటో, రాత

ఫోటోల విషయంలో పట్టుదలగా ఉండాలి. ఫోన్‌తో తీసిన వైడ్ యాంగిల్ బొమ్మలో దూరపు చర్చి శిఖరం అగ్గిపుల్లంత అయిపోతుంది. ఎదుటి పక్షం బారిస్టర్‌కు అంతకంటే సులువైన పని ఉండదు. ల్యాండ్‌స్కేప్ ఇన్‌స్టిట్యూట్ 06/19 నోట్ చెప్పినట్టు ఫుల్ ఫ్రేమ్ కెమెరా, 50 ఎం‌ఎం లెన్స్, మనిషి కంటి ఎత్తున ట్రైపాడ్, నిలబడిన చోటి కోఆర్డినేట్స్ రాసుకున్నాం. ప్రతిదీ ఆకులున్నప్పుడు ఒకసారి, ఆకులు రాలాక ఒకసారి తీశాం. ఇంగ్లండ్‌లో పొదల కంచెలు వేసవిలో గోడల్లా ఉంటాయి, జనవరిలో జల్లెడలా అయిపోతాయి. ఆరు నెలలు కనిపించే ఇళ్లను కనిపించవని చెప్పడం కుదరదు.

పాలసీ రాత ఇంకా కీలకం. పారిష్ కౌన్సిల్ మొదటి చిత్తుప్రతిలో "ఊరి చుట్టూ ఉన్న అందమైన దృశ్యాలకు హాని చేసే ఏ నిర్మాణాన్నీ అనుమతించరాదు" అని ఉంది. ఊరివాళ్లకు చప్పట్లు కొట్టాలనిపించే వాక్యమది. కానీ అందులో ఏది దృశ్యమో, ఏది హానో తెలియదు. ప్లాన్ పాలసీలు స్పష్టంగా, రెండు అర్థాలకు తావు లేకుండా ఉండాలని ఎన్‌పీపీఎఫ్ కోరుతుంది. మేం ప్రతి చూపుకూ ఒక పేజీ రాశాం. మూడోదానికి రాసింది దాదాపు ఇలా ఉంటుంది: చెక్క మెట్ల దగ్గర నుంచి తూర్పుకు చూస్తే ముందు వాలు పచ్చిక, నడుమ వాగు వెంట చెట్ల వరుస, వెనక రిడ్జ్ అండ్ ఫర్రో వాలు, పైన ఖాళీగా ఉన్న నింగి అంచు. నిలవాల్సినవి రెండు: పచ్చిక నుంచి ఎదుటి వాలు దాకా తెగని చూపు, కప్పులు లేని నింగి అంచు. వాగు వెంట చెట్ల ఎత్తు దాటని కట్టడం ఈ రెండింటినీ చెడపకపోతే అభ్యంతరం లేదు.

ఆ చివరి వాక్యం దగ్గర ఊళ్లో పెద్ద గొడవే అయింది. మనమే తలుపు తెరిచి ఇస్తున్నామా అని అడిగారు. ఏది కుదురుతుందో చెప్పిన పాలసీయే ఏది కుదరదో గట్టిగా చెప్పగలదని నా నమ్మకం, ఇప్పటికీ.

ఇళ్లకు చోటు చూపించడం

దృశ్యాల కంటే ఎక్కువ టెన్షన్ పెట్టింది ఇళ్ల స్థలాల కేటాయింపు. ఎన్‌పీపీఎఫ్ 14వ పేరా ఊళ్లకు ఒక రక్షణ ఇస్తుంది. టిల్టెడ్ బ్యాలెన్స్ పనిచేసే డిస్ట్రిక్ట్‌లో కూడా, నైబర్‌హుడ్ ప్లాన్‌కు విరుద్ధమైన అప్లికేషన్ వల్ల కలిగే నష్టం లాభాలను మించుతుందనే భావించే అవకాశం ఎక్కువ. ఇందుకు రెండు షరతులు. ప్లాన్ అమల్లోకి వచ్చి ఐదేళ్లు దాటకూడదు. ఆ ఊరి వాటా ఇళ్లకు ప్లాన్ స్వయంగా స్థలాలు చూపించాలి. అంతకుముందు గడువు రెండేళ్లే ఉండేది, 2023 డిసెంబర్‌లో ఐదేళ్లు చేశారు.

అంటే తూర్పు వాలు దక్కాలంటే ఇంకెక్కడో ఇళ్లు ఒప్పుకోవాలి. చివరికి పాత పాల డెయిరీ షెడ్లున్న ఒక ఆవరణను, విలేజ్ హాల్ వెనక చిన్న మేత పొలాన్ని ఎంచారు. ఆ పొలం చుట్టూ ఇళ్లున్నవాళ్లు చాలా బాధపడ్డారు. వాళ్ల బాధ నాకు అర్థమైంది. వాళ్ల కిటికీ ముందు పొలం పోతోంది, ఊరందరి చూపు మిగులుతోంది. ఊళ్లో పెరిగిన పిల్లలు అదే ఊళ్లో ఇల్లు కొనుక్కోలేకపోతున్నారన్న మాట స్కూల్ బస్సు నడిపే ఒకావిడ లేచి చెప్పాక చర్చ మలుపు తిరిగింది. దృశ్యం పేరు చెప్పి ఇళ్లే వద్దనే పనికి నేను సాయం చేయను, ఇది మొదటి రోజే చెప్పాను.

ఎగ్జామినర్ ఎనిమిదిలో ఒకదాన్ని కొట్టేశారు. ఊరి పడమట మిట్ట మీద నుంచి చుట్టూ కనిపించే విశాల దృశ్యం అది. దేన్ని కాపాడాలో పాలసీ చెప్పలేకపోతోందన్నారు. "అనుమతించరాదు" అన్నచోట "దృశ్యంలోని ముఖ్య లక్షణాలను ఎలా గౌరవిస్తుందో అప్లికేషన్ చూపించాలి" అని మార్చారు. ఊళ్లో కొందరు దీన్ని ఓటమి అనుకున్నారు. నాకు అలా అనిపించలేదు. చూపించాల్సిన భారం డెవలపర్ మీదకు వెళ్లింది. రెఫరెండంలో ప్లాన్ సునాయాసంగా గెలిచింది.

పరీక్షకు వచ్చినప్పుడు

తూర్పు పొలం మీద అప్లికేషన్ పడింది, కౌన్సిల్ కాదంది, డెవలపర్ అప్పీల్‌కు వెళ్లాడు. వాళ్ల ల్యాండ్‌స్కేప్ అసెస్‌మెంట్‌లో తీసుకున్న వ్యూ పాయింట్లలో చెక్క మెట్ల చోటు లేదు. ఫోటోలు నిండు వేసవిలో, కంచె వెనక నుంచి తీసినవి. సైట్ విజిట్ రోజు ఇన్‌స్పెక్టర్ మా పేజీలోని కోఆర్డినేట్స్ పట్టుకుని నేరుగా మెట్ల దగ్గరికి వెళ్లారు. నిర్ణయంలో ఆమె రాసింది సూటిగా ఉంది. రెండంతస్తుల ఇళ్ల కప్పులు వాలు పచ్చికకు, ఎదుటి గట్లకు మధ్య చూపును తెంచేస్తాయి, ప్లాన్ పేర్కొన్న లక్షణాలు ఇవే, కాబట్టి ఇది ప్లాన్‌కు విరుద్ధం. ఆ మాట తేలగానే 14వ పేరా పనిచేసింది. అప్పీల్ కొట్టేశారు. దృశ్యం ఒక్కటే అయితే ఇళ్ల కొరత ముందు తేలిపోయేది. కేటాయింపులు ఒక్కటే అయితే విరుద్ధం అనడానికి పట్టు దొరికేది కాదు.

తర్వాత ఇంకొకరు అదే పొలం కింది మూలలో, వాగు పక్కన కొద్ది ఇళ్లకు వచ్చారు. కప్పులు చెట్ల ఎత్తు దాటలేదు. అవతలి ఒడ్డు నుంచి చూస్తే చర్చి శిఖరం కనిపించేలా లోపలి రోడ్డును సరిగ్గా ఆ వరుసలో వేశారు. అనుమతి వచ్చింది. ఊళ్లో కొందరు ఇప్పటికీ కోపంగా ఉన్నారు. నేను మాత్రం ఈ పాలసీకి దక్కిన మంచి ఫలితాల్లో ఇదీ ఒకటంటాను, ఎందుకంటే డిజైన్ గీసినతను మా పేజీ చదివే గీశాడు.

పోయినదీ ఉంది. చూపు పారిష్ సరిహద్దు దగ్గర ఆగదు, ప్లాన్ అధికారం మాత్రం అక్కడే ఆగుతుంది. ఎదుటి వాలులో పైభాగం పక్క పారిష్‌ది. అక్కడ సోలార్ ఫామ్‌కు అప్లికేషన్ వస్తే మా పాలసీకి చట్టప్రకారం బలం లేదు. మా ఫోటోలను సాక్ష్యంగా పెట్టాం. ప్యానెళ్లను నింగి అంచు నుంచి కిందికి దించారు, బాగా నిలిచిన గట్ల భాగాన్ని వదిలేశారు, మిగతాదానికి అనుమతి ఇచ్చారు. కరెంటు అవసరం కూడా నిజమే కాబట్టి ఆ నిర్ణయాన్ని నేను తప్పు పట్టను. చూపు మాత్రం ఆ మేరకు పోయింది.

తెలుగు మిత్రులు అడుగుతుంటారు కాబట్టి ఒక మాట. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చుట్టూ 10 కిలోమీటర్ల మేర 84 గ్రామాలకు వర్తించిన 1996 నాటి 111 జీవో ఆ పల్లెల చుట్టూ పొలాలను ఏళ్ల తరబడి ఖాళీగా ఉంచింది. దాని ఉద్దేశం జలాశయాల రక్షణ. విశాలమైన చూపు దాని చాటున బతికింది. జీవో సడలింపు మాట వచ్చినప్పుడు చర్చంతా నీళ్ల గురించి, భూముల ధరల గురించి సాగింది. ఆ ఊళ్ల నుంచి ఏం కనిపించేదో రాసి ఉన్న పత్రం ఉంటే చర్చలో దానికీ ఒక చోటు ఉండేది.

మళ్లీ మిడ్‌లాండ్స్ ఊరి దగ్గరికి వస్తే, ఇప్పుడు దానికి ముందున్న సమస్య గడువు. ఐదేళ్లు దాటితే 14వ పేరా గొడుగు పోతుంది. 2024 డిసెంబర్ మార్పులతో ఇళ్ల లక్ష్యం ఇంగ్లండ్ మొత్తం మీద ఏడాదికి దాదాపు 3,70,000కి పెరిగింది, డిస్ట్రిక్ట్‌ల వాటాలూ మారాయి. అంటే ప్లాన్‌ను సవరించి మళ్లీ కొన్ని స్థలాలు చూపించాలి. నైబర్‌హుడ్ ప్లాన్ల తయారీకి బ్రిటన్ ప్రభుత్వం ఇస్తూ వచ్చిన గ్రాంట్, సాంకేతిక సాయం 2025లో ఆపేసింది కాబట్టి డబ్బు కూడా ఊరే చూసుకోవాలి. ప్లాన్ ఉన్న పారిష్‌కు కొత్త ఇళ్ల మీద వసూలయ్యే కమ్యూనిటీ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ లెవీ (సీఐఎల్) అనే రుసుములో 25 శాతం వాటా వస్తుంది, ప్లాన్ లేకపోతే 15 శాతమే. ఆ రుసుము వేసే కౌన్సిళ్ల పరిధిలో ఉన్న ఊళ్లు ఈ తేడాను లెక్కలో పెట్టుకోవాలి. ఈ ఊరు ఈసారి పక్క పారిష్‌ను కలుపుకుని ఒకే ప్లాన్ రాయడానికి మాట్లాడుతోంది, చట్టం అందుకు ఒప్పుకుంటుంది. ఫోటోలు తీసే పని ఇప్పుడు ఊరివాళ్లే నేర్చుకున్నారు. మిగిలిన ఏడు చోట్లా అవే కోఆర్డినేట్స్‌లో, ఆకులు రాలాక, ఏటా ఒకసారి తీసి తేదీ వేసి పారిష్ క్లర్క్ దగ్గర దాఖలు చేస్తున్నారు.